ఇరవై ఆరు చుట్లు

నేను పనిచేసే పుస్తకాల కొట్లో, బడులు తెరిచే రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఒక గోడ పటం. పైన లావుపాటి అక్షరాలతో 'మన సహాయకులు' అని ఉంటుంది. కింద పన్నెండు గళ్లు. డాక్టరు, నర్సు, పోలీసు, మంటలార్పే మనిషి, పోస్ట్‌మ్యాన్, టీచరు, రైతు, సైనికుడు, బస్సు డ్రైవరు, దర్జీ, వడ్రంగి, వీధులూడ్చే ఆమె. పన్నెండుమందీ నవ్వుతూనే ఉంటారు. మంటలార్పే మనిషైతే వెనక ఇల్లు తగలబడుతున్నా పళ్లు బయటపెట్టే ఉంటాడు. ఆ పటాన్ని చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసేటప్పుడల్లా, పని చేసేవాడు పనిలో ఉండగా నవ్వడం నేనెక్కడ చూశానా అని ఆలోచిస్తాను. ఇంతవరకు గుర్తురాలేదు.

మా నాన్న ఆ పటంలో లేడు. ఆయనది గీయడానికి వీలైన పని కాదు. ఆయన నీళ్లు వదిలే మనిషి.

మా ఊళ్లో నీళ్లు వంతులవారీగా వస్తాయి. ఒక వీధికి రెండు గంటలు, ఇంకో వీధికి గంటన్నర. ఆ వంతులు వాటంతటవే మారవు. వీధుల్లో ఇనప మూతల కింద గుంతలుంటాయి, గుంతల్లో వాల్వులుంటాయి. నాన్న నడుమెత్తు ఇనప రాడ్డు ఒకటి సైకిలుకి కట్టుకుని తెల్లవారకముందే బయల్దేరతాడు. మూత ఎత్తి, రాడ్డు కొసనున్న చదరపు గూడు వాల్వు తలమీద కూర్చోబెట్టి, పైన అడ్డపిడి పట్టుకుని గుండ్రంగా తిరుగుతాడు. గానుగెద్దుకి తేలిక, దానికి లెక్క పెట్టే పని లేదు. ఆయనకి ముప్ఫై ఎనిమిది వాల్వులు. ఒక్కోదానికి ఒక్కో లెక్క. పిండిమర ముందరిది పందొమ్మిది చుట్లు. కల్లు తాగినట్టు ఎడమకి తిరిగి మూసుకునేది ఒకటుంది, అది ముప్ఫై ఒకటి. బడి గోడ పక్కది ఇరవై ఆరు.

ఈ లెక్క ఎందుకో చెప్పాలి. మా ఊరి వాల్వులు ముసలివి. మూస్తుంటే, ఇంకా ఐదారు చుట్లు మిగిలి ఉండగానే తుప్పు అడ్డం పడి రాడ్డు బిగుసుకుంటుంది. తెలియనివాడు మూసుకుపోయిందనుకుని వెళ్లిపోతాడు. నాన్న దాన్ని 'దొంగ బిగువు' అంటాడు. "చేతిని నమ్మకు, లెక్కని నమ్ము" అనేది ఆయనకి తెలిసిన ఒకే ఒక్క నీతివాక్యం. లెక్క పూర్తయ్యాక వంగి, రాడ్డు పిడికి చెవి ఆనిస్తాడు. లోపల నీళ్లు పారుతుంటే ఇనుము సన్నగా బుసకొడుతుంది. ఏమీ వినపడకపోతేనే మూత పెట్టి లేస్తాడు. ఇరవై ఏడేళ్లుగా రోజూ అదే. తెరిచేటప్పుడు మాత్రం వినడు. ఎందుకని నేనడిగితే, "తెరవడం ఎవడైనా తెరుస్తాడురా. మూయడమే పని" అన్నాడు.

ఆయన చేసిన పనికి మాకు దక్కిన గౌరవం ఏమిటంటే, మా వీధి వంతు అన్నిటికంటే ఆఖరున. మా అమ్మ బిందె పట్టుకుని నిలబడి రోజూ ఒకే మాట అంటుంది: "ఊరందరికీ గంగ, నాకు గుటక. వంటవాణ్ణి చేసుకున్నా ఇంతకంటే కడుపు నిండేది."

"వంటవాడైతే ఉప్పెక్కువైందని సాధించేదానివి" అంటాడు నాన్న.

"నీళ్లుంటే కదా ఉప్పు తెలిసేది!"

మా ఇంట్లో హాస్యమంటే ఇదే. ఇరవై ఏడేళ్లుగా ఇదే బిందె, ఇదే మాట.

అసలు సంగతి ఫిర్యాదులతో మొదలైంది. ఆఫీసులో ఒక రూలుంది. ఏడాదిలో మూడు ఫిర్యాదులు కాగితం మీద వస్తే, మనిషి చేతిలోంచి రాడ్డు తీసుకుని ఊరి చివర ట్యాంకు దగ్గర కాపలాకి వేస్తారు. జీతం తగ్గదు. కుర్చీ ఇస్తారు. గేటు దగ్గర కూచుని ట్యాంకుని చూస్తుండాలి, ట్యాంకు ఎక్కడికీ పోదు కాబట్టి. మొదటి ఫిర్యాదు వార్డు మెంబరు ఇచ్చాడు, వాళ్ల మూడో డ్రమ్ము నిండకముందే వాల్వు మూశాడని. రెండోది ఇంకా అందమైనది. వాల్వు మూత మీద ఎవడో లారీ పెట్టి నిద్రపోయాడు. నాన్న లారీ తలుపు గంటసేపు బాదాడు. ఆ గంట ఆలస్యానికి వీధి మొత్తం సంతకాలు పెట్టింది. లారీవాడు కూడా ఆ వీధివాడేనట, నిద్రలేచాక వాడూ పెట్టాడు.

"పోనీలే, కుర్చీలో కూచుంటావు. నీ మోకాళ్లకి అదే మంచిది" అంది అమ్మ.

నాన్న అన్నం కలుపుకుంటున్నవాడు చెయ్యి ఆపాడు. "నన్ను కుర్చీలో కూచోబెడితే మూడు నెలల్లో గోడకి పటంలా తగిలించుకోవాలి మీరు. రాడ్డు ఉన్నంతకాలమే నేను" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మరీ జాగ్రత్తగా తిరిగాడు. వాచీ ఐదు నిమిషాలు ముందుకి పెట్టుకున్నాడు. సంవత్సరం గడవడానికి ఇంకా రెండు నెలలున్నాయి.

అప్పుడే బుడ్డి బళ్లో నోరు జారింది.

బుడ్డి మా అక్క కూతురు. అక్క బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టులకి పోతుంది కాబట్టి అది మా ఇంట్లోనే పెరుగుతోంది. ఒకటో తరగతి. బళ్లో నేనమ్మిన పటమే గోడకి పెట్టి 'మన సహాయకులు' పాఠం చెబుతున్నారు. మీ ఇంట్లో ఎవరేం పని చేస్తారని టీచరు అడిగితే, ఇది లేచి "మా తాతయ్య ఊరందరికీ నీళ్లిస్తాడు" అందట. పక్కన కూచునే పిల్లాడు "అబద్ధం టీచర్! నీళ్లు కుళాయిలోంచి వస్తాయి, తాతయ్యల్లోంచి రావు" అన్నాడట. క్లాసంతా నవ్వింది. ఇది ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టి, "తాతయ్యా, నువ్వు పటంలో ఎందుకు లేవు?" అని నిలదీసింది.

"నన్ను గీయాలంటే ఒంగున్నట్టు గీయాలే అమ్మా. ఒంగిన మనిషి గళ్లో పట్టడు" అన్నాడు నాన్న.

రెండోరోజు ఆ టీచరు స్వయంగా మా వీధికి వచ్చింది. పాతికేళ్ల లోపు అమ్మాయి, భుజాన గుడ్డసంచీ, అందులోంచి రంగు కాగితాలు బయటికి చూస్తున్నాయి. గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా, గురువారం సహాయకుల రోజు పెట్టుకుంటున్నాం. నర్సమ్మ వస్తున్నారు, పోస్ట్‌మ్యాన్ గారు వస్తున్నారు. మీరూ రావాలి. మీ పనేమిటో పిల్లలకి చూపించాలి" అంది.

నాన్న నా వైపు చూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన్ని ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. పిలిస్తే తిట్టడానికే పిలిచారు.

"గురువారం పదింటికి మీ బడి వీధి మూసి మెరకవీధి తెరవాలి టీచరమ్మా. పని ఆపి రాలేను."

"పనే చూపించండి. వాల్వు మా గోడ పక్కనే కదా. పిల్లల్ని గేటు బయటికి తెస్తాను."

"అయితే వస్తా" అన్నాడు. అంత త్వరగా ఆయన దేనికీ ఒప్పుకోవడం నేను చూడలేదు.

ఆమె వెళుతూ వెళుతూ, మొహమాటంగా ఆగింది. "హెడ్‌మేడం యూనిఫాం ఉండాలంటున్నారు. పిల్లలు గుర్తుపట్టాలి కదా..."

డిపార్ట్‌మెంటు ఎప్పుడో తొమ్మిదేళ్ల కింద ఒక ఖాకీ చొక్కా ఇచ్చింది. అమ్మ దాన్ని కోసి సైకిలు తుడిచే గుడ్డలు చేసింది, ఒక జేబు మాత్రం ఇంకా మిగిలుంది. ఆ జేబునే తొడుక్కుని వెళ్లమన్నాను. నాన్న నవ్వలేదు. పక్కింటి బ్యాంకు వాచ్‌మన్ దగ్గర చొక్కా అడిగి తెచ్చుకున్నాడు. వాచ్‌మన్ నాన్నకి రెండింతలుంటాడు. అమ్మ రెండు వైపులా పిన్నీసులు పెట్టి, "ఊపిరి గట్టిగా పీల్చకు, పేలిపోతాయి" అంది. బుధవారం సాయంత్రం ఆయన రాడ్డుకి కొబ్బరినూనె రాయడం చూశాను. పిడి మెరిసేదాకా తుడిచాడు. నాకు ఒళ్లు మండింది. ఊరంతా కాళ్లకింద తొక్కే మూతలెత్తే మనిషికి, ముప్ఫైమంది పిల్లల ముందు నిలబడటానికి అంత ఆశ ఎందుకు?

గురువారం నేను కొట్టునుంచి రెండు పటాలు ఇవ్వడానికి బడికి వెళ్లాను. ఇవ్వడానికి అరనిమిషం పడుతుంది. నేను గంటసేపున్నాను.

పిల్లలు గేటు బయట గోడ నీడలో రెండు వరసలుగా కూచున్నారు. నర్సు అప్పటికే ఇంజెక్షను గురించి చెప్పి ముగ్గుర్ని ఏడిపించి వెళ్లింది. పోస్ట్‌మ్యాన్ సంచీ చూపించాడు. సంచీ సగం ఖాళీగా ఉందని ఒక పిల్ల అడిగితే, "ఇప్పుడందరూ ఫోన్లోనే రాసుకుంటున్నారు తల్లీ" అని నిజం చెప్పేసి తలవంచుకున్నాడు. ప్రతి ఒక్కరి తర్వాత టీచరు అడుగుతుంది: "వీరు మనకి ఏం చేస్తారు?" పిల్లలు అరుస్తారు. "మరి మన బాధ్యత ఏమిటి?" పిల్లలు ఇంకా గట్టిగా అరుస్తారు: "థాంక్యూ చెప్పడం!" ఆ ఒక్క ముక్కతో ఊరి బాధ్యత తీరిపోతుంది. పెద్దయ్యాక అదీ మానేస్తారు.

నాన్న సైకిలు దిగగానే ముందు వరసలో ఒకడు "పోలీసు!" అని కెవ్వుమన్నాడు. ఇంకొకడు ఏడుపు లంకించుకున్నాడు.

"పోలీసుని కాదు నాయనా, దొంగనీ కాదు" అన్నాడు నాన్న కంగారుగా. "మధ్యలో వాణ్ణి."

"మా తాతయ్య!" బుడ్డి లేచి నిలబడింది. దాని మొహం ఎలా ఉందో నేను రాయలేను. ప్రపంచంలో ఎవరి తాతయ్యా రానట్టు నిలబడింది.

టీచరు నాన్నని అడిగింది, "మీ బాధ్యత ఏమిటో చెప్పండి పెద్దాయనా."

ఆయన తడుముకున్నాడు. నర్సుకి, పోస్ట్‌మ్యాన్‌కి వాక్యాలున్నాయి, ఈయనకి లేవు. "మూత పెట్టడం" అన్నాడు. "నేను మూత పెట్టకపోతే మీలాంటోళ్లు గుంతలో పడతారు. అదీ, లెక్క మరిచిపోకపోవడం."

తర్వాత మూత ఎత్తాడు. ముప్ఫై తలలు గుంతలోకి వంగాయి. రాడ్డు కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ పిలిచి పిడికి చెవి ఆనించమన్నాడు. "పాము!" అన్నాడొకడు. "మా అమ్మమ్మ గురక" అంది ఒక పిల్ల. నాన్న గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఇప్పుడు మూస్తా. ఇరవై ఆరు చుట్లు. మీరు లెక్కపెట్టండి, నేను తిరుగుతా" అన్నాడు.

అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ బుడ్డి తనూ పిడి పట్టుకుంటానంది. దాన్ని పట్టుకోనిస్తే ఇంకో నలుగురు వచ్చారు. ఐదుగురు పిల్లలు అడ్డపిడికి వేలాడుతుంటే, వాచ్‌మన్ చొక్కాలో ఆయన గుండ్రంగా తిరిగాడు. మిగతావాళ్లు గొంతు చించుకుని లెక్కపెట్టారు. "ఒకటీ! రెండూ! మూడూ!" హెడ్‌మేడం కూడా గేటులోంచి వచ్చి చెయ్యి ఊపుతూ లెక్క కలిపింది. "పద్దెనిమిదీ! పందొమ్మిదీ! ఇరవై!"

ఇరవై దగ్గర పిల్లలందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. గంతులేశారు. పిడి పట్టుకున్నవాళ్లు కూడా వదిలేసి చప్పట్లు కొట్టారు. సరిగ్గా అక్కడే రాడ్డు బిగుసుకుంది.

"థాంక్యూ నీళ్ల తాతయ్యా!" అని ముప్ఫై గొంతులు. టీచరు కాగితపు పువ్వు ఇచ్చింది. హెడ్‌మేడం ఫోటో తీయించింది, మూత పక్కన నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి. నాన్న రాడ్డు బయటికి లాగాడు. చెవి ఆనించలేదు. మూత పెట్టాడు. చొక్కా మీద పువ్వు పిన్నీసుతో గుచ్చుకున్నాడు. నేను మూడు గజాల దూరంలో నిలబడి చూస్తున్నాను. నాకూ తట్టలేదు. చిన్నప్పట్నుంచీ 'దొంగ బిగువు' అనే మాట వింటూ పెరిగినవాణ్ణి, ఆయన మొహమే చూస్తూ ఉండిపోయాను.

పదిహేను నిమిషాలు ఆలస్యమైందని ఆయన హడావిడిగా మెరకవీధికి పోయి అక్కడి వాల్వు తెరిచాడు, అక్కణ్ణించి ఇంకో వీధికి పోయాడు. మెరకవీధి ఎత్తు మీద ఉంటుంది. కింద బడి వీధి సరిగ్గా మూసుకుపోతేనే నీళ్లు పైకెక్కుతాయి. మూసుకోలేదు. పల్లానికి దారి ఉంటే ఎత్తెక్కే ఖర్మ నీళ్లకేం పట్టింది?

మధ్యాహ్నం మెరకవీధి ఆడవాళ్లు నాన్న సైకిలు పట్టుకుని ఆపేశారు.

"ఏమయ్యా పెద్దమనిషీ, మాకు నీళ్లెందుకు, పువ్వు పెట్టుకుని తిరిగితే చాలదూ!"

"చెంబుడు కూడా రాలేదు. కుళాయి ఊదుతోంది, పీపీ ఊదినట్టు!"

ఆయనకి అప్పుడు తెలిసింది. నిలబడినచోటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడట, ఇరవై దాకా. ఇరవై ఒకటి ఆయనకి గుర్తులేదు. బడి దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ పోయి మిగిలిన ఆరు చుట్లు తిప్పి, చెవి ఆనించి విన్నాడు. నిశ్శబ్దం. మెరకవీధికి సాయంత్రం రెండు గంటలు అదనంగా వదిలాడు. తిట్టుకుంటూనే పట్టుకున్నారు గాని వాళ్లెవరూ కాగితం రాయలేదు.

రాసింది బడి.

మూడు గంటలు ఆగకుండా వచ్చిన నీళ్లతో బడి మేడమీది డ్రమ్ము పొంగింది. బడివాళ్ల కుళాయికి బిరడా సరిగ్గా పడదు, వాల్వు మూస్తారనే ధైర్యంతో ఎవరూ దాన్ని బాగుచేయించలేదు. నీళ్లు గోడ వెంట కారి ఒకటో తరగతి గదిలోకి దిగాయి. పటాలు తడిసి కింద పడ్డాయి. హెడ్‌మేడం అదే సాయంత్రం బడి ముద్రతో కాగితం పంపింది: 'వాల్వు సిబ్బంది నిర్లక్ష్యం వల్ల పాఠశాలకు నష్టం.' అది మూడోది.

ఇంటికి ఆఫీసు మనిషి కబురు తెచ్చినప్పుడు నాన్న గుమ్మంలో కూచుని కాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. ఇరవై ఏడేళ్లు తడిసిన కాళ్లు, మడమలు బీటలు వారి ఎండిన చెరువులా ఉంటాయి.

"చెప్పు నాన్నా" అన్నాను. "పిల్లలు లెక్కపెట్టారని చెప్పు. ఆ హెడ్‌మేడమే పక్కన నిలబడి చెయ్యి ఊపింది. ఇరవై దగ్గర చప్పట్లు కొట్టింది."

"రాడ్డు పిల్లల చేతికిచ్చానని చెప్పమంటావా? అది ఫిర్యాదు కంటే పెద్ద తప్పు. పైగా ఆ టీచరమ్మని ఊరుకుంటారా? పిల్లల్ని రోడ్డు మీద గుంత దగ్గరికి తెచ్చిందంటారు. మొన్న మొన్న చేరిన పిల్ల."

"ఆవిడ గురించి నీకెందుకు? నీ గురించి ఎవరు ఆలోచించారు?"

"లెక్క నాదిరా. ఇంకొకళ్లకి అప్పజెప్పాను. తప్పు వాళ్లదెలా అవుతుంది?"

"మంచితనం కాదు నాన్నా ఇది, చేతకానితనం!"

అమ్మ లోపల్నుంచి, "గొంతు తగ్గించరా. చేతకానివాడి పెంపకంలోనే పెరిగావు నువ్వూ" అంది. మా అమ్మ ఎప్పుడు ఎవరి పక్షాన ఉంటుందో ముందుగా చెప్పలేం.

మర్నాడు కొట్టు తెరవకముందే బడికి పోయాను. టీచరు తడిసిన పటాలు తాడు మీద ఆరేస్తోంది. డాక్టరు రంగు నర్సు మీదికి కారింది. నేను అనాలనుకున్నవన్నీ దారిలోనే వరసగా పెట్టుకున్నాను, ఆమెని చూడగానే అన్నీ ఒకేసారి కక్కేశాను.

ఆమె చేతిలో క్లిప్పు అలాగే పట్టుకుని విన్నది. "ఇరవై దాకానే చెప్పామండీ వీళ్లకి" అంది చివరికి, పాలిపోయి. "ఇరవై అవగానే చప్పట్లు కొట్టడం నేనే నేర్పాను. మిగతా అంకెలు తర్వాతి టర్ములో... ఆయన ఇరవై ఆరు అన్నారు. నేను విన్నాను. విని కూడా..."

ఆ తర్వాత ఆమె చేసింది చూసి, ఆమెని తిట్టడం కుదరకుండా పోయింది నాకు. క్లిప్పు కింద పడేసి నేరుగా హెడ్‌మేడం గదిలోకి నడిచింది. తలుపు తెరిచే ఉంది.

"మేడం, ఆ కాగితం వెనక్కి తీసుకుందాం. తప్పు నాది. పిల్లల చేత తిప్పించింది నేను."

"నువ్వు మెల్లగా మాట్లాడు" అంది హెడ్‌మేడం, నన్ను చూసి. "వెనక్కి తీసుకుంటే మనం అబద్ధం రాశామని అవుతుంది. గది తడిసిన మాట అబద్ధమా? పిల్లలు తిప్పారని రాస్తే రేపు తల్లిదండ్రులు మీద పడతారు." కాసేపు పెన్ను తిప్పుతూ ఆలోచించి, ఏదో గొప్ప దారి దొరికినట్టు మొహం వెలిగించుకుంది. "ఒక పని చేద్దాం. ఆయన్ని మెచ్చుకుంటూ ఇంకో కాగితం రాద్దాం. ఫోటో కూడా పెడదాం. సరేనా బాబూ?"

నన్ను బాబూ అన్నందుకు కాదు గాని, ఆ క్షణం నేను ఆ బల్ల ఎందుకు తిరగెయ్యలేదో ఇప్పటికీ తెలియదు. చివరికి ఆ కాగితం నేనే తీసుకుని నాన్నతో ఆఫీసుకి వెళ్లాను. ఇంకేం ఉంది నా చేతిలో?

ఇంజనీరు సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకే ముద్ర, ఒకే సంతకం, ఒకే తేదీ సంఘటన. ఒకదాంట్లో నిర్లక్ష్యం, ఒకదాంట్లో నిస్వార్థ సేవ. ఫోటోలో హెడ్‌మేడం చెయ్యి నాన్న భుజం మీద ఉంది. సారు పగలబడి నవ్వలేదు, మంచివాడు, దగ్గినట్టు చేశాడు.

"ఫిర్యాదుకి ఫారం ఉంది పెద్దాయనా. నంబరు వేస్తాం, ఫైల్లో పెడతాం. మెచ్చుకోలుకి ఫారం లేదు. ఎక్కడ పెట్టమంటావు దీన్ని?"

"మా వాడికివ్వండి సారూ. ఇంట్లో దాచుకుంటాం."

"అసలేం జరిగిందో చెప్పు. ఇరవై ఏడేళ్లలో వాల్వు తప్పు మూసినవాడివి కాదు నువ్వు."

నేను నాన్న మోచెయ్యి గిల్లాను.

"లెక్క తప్పింది సారూ" అన్నాడు.

సారు నా వైపు చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాను. నాన్న నా వైపు తిరగనైనా తిరగలేదు. ఉత్తినే గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు నేను గుంత దగ్గరికి పరుగెత్తినప్పుడు అలాగే సవరించేవాడు. నేను నోరు మూసుకున్నాను. ఎన్ని పుస్తకాలు చదివాను, ఎదురుచెప్పిన మనుషుల గురించి ఎంత చదివాను! ఒక గొంతు సవరింపుకి నోరు మూసుకున్నాను.

సోమవారం నుంచి ట్యాంకు దగ్గర. రాడ్డు ఆదివారం సాయంత్రానికి అప్పగించాలి. కొత్తగా వచ్చేవాడు కాంట్రాక్టు మీద వచ్చేవాడు, మా ఊరికే కొత్త. అతనికి లెక్కలు రాసివ్వమన్నాడు సారు. ఆ ముప్ఫై ఎనిమిది లెక్కలూ ఆఫీసులో ఏ కాగితం మీదా లేవట. ఇరవై ఏడేళ్లుగా ఊరి నీళ్లు ఒక మనిషి తలకాయలో ఉన్నాయని ఆ రోజే వాళ్లకి తెలిసింది. తెలిసీ సోమవారం అనే అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టునుంచి గీతల పుస్తకం తెచ్చాను. నాన్న గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని చెబుతుంటే నేను రాశాను. ఆయన వరసగా చెప్పలేదు, సైకిలు వెళ్లే దారిలో చెప్పాడు. "పిండిమర, పందొమ్మిది. మూత ఎడమపక్క విరిగింది, వేలు నలుగుతుంది, అది రాయి. మూల మందుల కొట్టు, ఇరవై మూడు. అక్కడ కుక్క ఉంటుంది, ఏమీ అనదు." కుక్క సంగతి కూడా రాయమన్నాడు. బుడ్డి పక్కన బోర్లా పడుకుని రంగు పెన్సిలుతో గీస్తోంది. అమ్మ బిందె తోముతోంది, అవసరానికి మించి గట్టిగా.

"బడి గోడ" అన్నాడు నాన్న. "ఇరవై ఆరు."

నేను ఇరవై అని రాశాను.

పొంగనీ, రోజూ పొంగనీ అనుకున్నాను. పటాలన్నీ తడవనీ. రోజూ ఒక కాగితం రాసుకోనీ ముద్రేసుకుని. కొత్తవాడెలా పోతే నాకేం? మెరకవీధి గుర్తుకొచ్చింది, వాళ్లేం కాగితం రాయలేదు కదా అనిపించింది. అయినా దిద్దలేదు. తర్వాతి వాల్వు రాశాను, ఆ తర్వాతది రాశాను. ముప్ఫై ఎనిమిదీ అయ్యాయి.

"చదువు" అన్నాడు నాన్న.

చదివాను. పిండిమర పందొమ్మిది. మందుల కొట్టు ఇరవై మూడు, కుక్క ఏమీ అనదు. నా గొంతు బాగానే ఉందనుకున్నాను. "బడి గోడ, ఇరవై."

నాన్న కళ్లు తెరవలేదు. బిందె తోమడం ఆగింది. ఆయన నన్ను తిట్టి ఉంటే నేను పుస్తకం విసిరికొట్టి బయటికి పోయేవాణ్ణి. దానికి సిద్ధంగానే ఉన్నాను.

బుడ్డి మాత్రం తలెత్తింది. ఇరవై అన్న మాట వినగానే పెన్సిలు వదిలేసి, బళ్లో నేర్పినట్టు, రెండు చేతులతో చప్పట్లు కొట్టింది.

"చప్పట్లు కాదే అమ్మా" అన్నాడు నాన్న. "ఇరవై తర్వాత ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటి" అంది అది.

"ఊఁ. ఇరవై రెండు."

"ఇరవై రెండు."

నేను ఆ వరస కొట్టేసి పక్కన ఇరవై ఆరు వేశాను. కలం గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగి, ఆ అంకె కింది పేజీ మీద కూడా పడింది.